వీసీవీ ర్యాక్ క్లాక్‌ను రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో కలపడం ఎలా?

వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో మాడ్యూళ్లను తీగలతో కలిపి ఒక ప్యాచ్ కట్టారు. సీక్వెన్సర్ (స్వరాలను స్టెప్పుల వరసలో వాయించే మాడ్యూల్) నడుస్తోంది, డ్రమ్ మాడ్యూల్ దాన్ని అనుసరిస్తోంది. ఇప్పుడు దాన్ని మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బేస్‌తోనో గొంతుతోనో కలపాలి. చాలామంది మొదట చేసే పని, రెండు చోట్లా టెంపో 120 అని పెట్టి ప్లే నొక్కడం. కాసేపు బాగానే ఉంటుంది. తర్వాత డ్రమ్ వెనకబడుతుంది, లేదా ముందుకు పోతుంది. ర్యాక్ నాబ్ నిజానికి 120.03 దగ్గర ఉందనుకోండి. అంత చిన్న తేడాకే 5 నిమిషాల్లో 75 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) ఒక సిక్స్‌టీన్త్ నోట్, అంటే బీట్‌లో నాలుగో వంతు, 125 మిల్లీసెకన్లు కాబట్టి, ఆ ఎడం అందులో సగం కంటే ఎక్కువే.

అందుకే టెంపో అంకెలు కాకుండా క్లాక్‌లు, అంటే వేగాన్ని నడిపే పల్స్‌ల వరసలు, కలపాలి. ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి: వేగం కలవాలి, ఎత్తుగడ (మొదలయ్యే క్షణం) కలవాలి, ఆలస్యం సరిపోవాలి. "సింక్ కావట్లేదు" అని బాధపడే ప్రతిసారీ ఈ మూడింటిలో ఏదో ఒకటే చెడి ఉంటుంది. ఏది చెడిందో తెలియకుండా అన్ని అమరికలూ కదిపితే మిగతా రెండూ కూడా పాడవుతాయి. కాబట్టి ఇదే వరసలో వెళ్దాం. వేగం కుదిరాకే ఎత్తుగడ, అది కుదిరాకే ఆలస్యం.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్లంతా పిలిచినట్టు ఇక్కడ నేను కూడా డా (DAW) అంటాను. ర్యాక్ అంటే వీసీవీ ర్యాక్ 2. ఆండ్రూ బెల్ట్ తయారుచేసిన ఈ మాడ్యులర్ సింథ్ 2017లో మొదటిసారి విడుదలైంది, రెండో తరం 2021 నవంబరులో వచ్చింది.

తీగలో ఏం వెళ్తుంది?

మిడి అంటే సంగీత పరికరాలు, ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి. మిడి క్లాక్ గురించి ఒక్క విషయం ముందే తెలిస్తే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. అందులో "టెంపో 120" అనే సమాచారం ఎక్కడా ఉండదు. ఒక్కో క్వార్టర్ నోట్‌కు, అంటే ఒక్కో బీట్‌కు, 24 చొప్పున ఖాళీ టిక్కులు మాత్రమే వెళ్తాయి. 120 బీపీఎంలో సెకనుకు 48 టిక్కులు, అంటే టిక్కుకూ టిక్కుకూ మధ్య 20.83 మిల్లీసెకన్లు. అందుకునే వైపు ఆ టిక్కులను లెక్కపెట్టుకుని వేగాన్ని తనే అర్థం చేసుకోవాలి. వీటితో పాటు మరో మూడు సందేశాలుంటాయి: స్టార్ట్, స్టాప్, కంటిన్యూ. పాట మధ్యలోంచి మొదలుపెడితే ఎక్కడున్నామో సిక్స్‌టీన్త్ నోట్ల లెక్కలో చెప్పే సాంగ్ పొజిషన్ పాయింటర్ అనే సందేశం కూడా ఉంది.

టిక్కులది వేగం పని, స్టార్ట్‌ది ఎత్తుగడ పని. ఆలస్యం గురించి మిడి ఏమీ చెప్పదు. అది మనం కొలుచుకోవాల్సిందే.

మొదటి అడుగు: దారి ఎంచుకోండి

రెండు దారులున్నాయి. ర్యాక్‌ను డా లోపల ప్లగిన్‌గా తెరవడం ఒకటి. ర్యాక్‌ను విడి అప్లికేషన్‌గా నడుపుతూ, కంప్యూటర్ లోపలే ఉండే ఊహా తీగతో డాకు కలపడం రెండోది.

ప్లగిన్‌గా వాడే వీలు ఉంటే మరో ఆలోచన వద్దు, అదే వాడండి. ర్యాక్ ఉచిత వెర్షన్ విడి అప్లికేషన్‌గా మాత్రమే నడుస్తుంది. ప్లగిన్ కావాలంటే డబ్బు పెట్టి ప్రో వెర్షన్ కొనాలి. ఖర్చు లేకుండా కావాలంటే కార్డినల్ ఉంది. ర్యాక్ ఆధారంగా కట్టిన ఈ ఓపెన్ సోర్స్ ప్లగిన్‌లో బోలెడు మాడ్యూళ్లు ముందే చేర్చి ఉంటాయి. బయటి మాడ్యూళ్లను మీరు విడిగా చేర్చుకోలేరు, అదొక్కటే ఇబ్బంది. ఈ పనికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

ప్లగిన్ ఎందుకు మేలంటే, డా ఎన్ని శాంపిళ్ల (శబ్దాన్ని అంకెల్లో కొలిచిన అతి చిన్న తునకల) ముక్క లెక్కగడితే ప్లగిన్ కూడా సరిగ్గా ఆ ముక్కనే లెక్కగడుతుంది. రెండు వేర్వేరు ప్రోగ్రాములు ఒకదాని కోసం మరొకటి ఎదురుచూడడం ఉండదు. పాట పూర్తయ్యాక దాన్ని వాయించే వేగం కంటే త్వరగా ఫైలుగా ఎగుమతి చేసినా ర్యాక్ భాగం సమయానికే పడుతుంది. విడి అప్లికేషన్‌తో ఆ వీలు లేదు. 4 నిమిషాల పాట అయితే 4 నిమిషాలూ కూర్చుని రికార్డు చేయాల్సిందే.

ప్లగిన్ రూపంలోని ర్యాక్‌లో, మిడి సందేశాలను ర్యాక్ తీగల్లో నడిచే వోల్టేజీగా మార్చే మిడి-సీవీ మాడ్యూల్ పెట్టి, దాని చిన్న తెర మీద నొక్కి డాను ఎంచుకుంటే క్లాక్, స్టార్ట్, స్టాప్ జాక్‌లు డా ప్లే బటన్‌ను అనుసరిస్తాయి. కార్డినల్‌లో అయితే హోస్ట్ టైమ్ అనే మాడ్యూల్ వెతకండి. డా నడుస్తోందా, రీసెట్, బార్, బీట్, స్టెప్ అంటూ విడివిడి జాక్‌లు సిద్ధంగా ఉంటాయి. ఈ దారిలో వెళ్లేవాళ్లు రెండు, మూడు అడుగులు వదిలేసి నేరుగా నాలుగుకు రావచ్చు.

రెండో అడుగు: ఊహా మిడి తీగ

విడి అప్లికేషన్ వాడేవాళ్లకు డా నుంచి ర్యాక్‌కు టిక్కులు మోసే పోర్టు ఒకటి కావాలి.

మాక్‌లో అది సిస్టమ్‌తోనే వస్తుంది. ఆడియో మిడి సెటప్ అనే ప్రోగ్రామ్ తెరిచి, విండో మెనూలో మిడి స్టూడియో చూపించమనండి. ఐఏసీ డ్రైవర్ మీద రెండుసార్లు నొక్కి, డివైస్ ఆన్‌లైన్‌లో ఉంది అనే గడిలో టిక్ పెట్టండి. విండోస్‌లో లూప్‌మిడి అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, కూడిక గుర్తు నొక్కితే పోర్టు తయారవుతుంది. లినక్స్‌లో మిడి త్రూ పోర్టు సాధారణంగా ముందే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఈ పోర్టు ఒక చివర వేసింది మరో చివర అలాగే వస్తుంది. డా దాన్ని అవుట్‌పుట్‌గానూ ఇన్‌పుట్‌గానూ వాడుతుంటే, తను పంపింది తనకే తిరిగొచ్చి సందేశాలు గిరగిరా తిరుగుతాయి. డా అమరికల్లో ఈ పోర్టును ఇన్‌పుట్ వైపు పూర్తిగా ఆపేయండి.

మూడో అడుగు: డా నుంచి క్లాక్ పంపండి

ఒక్కో డాలో ఇది ఒక్కో చోట దాక్కుని ఉంటుంది. ఏబుల్‌టన్ లైవ్‌లో అమరికల్లోని మిడి పేజీలో ఆ అవుట్‌పుట్ పోర్టుకు ఎదురుగా సింక్ ఆన్ చేయాలి. రీపర్‌లో మిడి అవుట్‌పుట్ల జాబితాలో పోర్టు మీద కుడి క్లిక్ చేసి, అవుట్‌పుట్‌ను ఆన్ చేసి, క్లాక్ పంపమనే వరసకు టిక్ పెట్టాలి. లాజిక్‌లో ప్రాజెక్టు అమరికల్లో సింక్రనైజేషన్ కింద మిడి ట్యాబ్ ఉంటుంది. క్యూబేస్‌లో ట్రాన్స్‌పోర్ట్ మెనూలోని ప్రాజెక్ట్ సింక్రనైజేషన్ సెటప్‌లో మిడి క్లాక్ ఎక్కడికి వెళ్లాలో ఎంచుకోవాలి. ఎఫ్ఎల్ స్టూడియోలో మిడి అమరికల్లో ఆ పోర్టుకు మాస్టర్ సింక్ పంపమని చెప్పాలి. మీది ఇంకేదైనా అయితే అమరికల్లో "సింక్" లేదా "మిడి క్లాక్" అనే మాట వెతకండి.

పంపేది ఒక్క పోర్టుకే పంపండి. కనిపించిన అన్నింటికీ టిక్ పెడితే అదే క్లాక్ రెండు దారుల్లో వచ్చి, ర్యాక్‌లో వేగం రెట్టింపైనట్టు వినిపించవచ్చు.

నాలుగో అడుగు: ర్యాక్‌లో అందుకోండి

మిడి-సీవీ మాడ్యూల్ తెర మీద డ్రైవర్‌ను, ఆ పోర్టును ఎంచుకోండి. ఛానల్ ఏదైనా ఫర్వాలేదు, క్లాక్ సందేశాలకు ఛానల్ ఉండదు. డాలో ప్లే నొక్కి, మాడ్యూల్ క్లాక్ జాక్ నుంచి ఒక స్కోప్‌కు (తరంగాన్ని తెర మీద చూపే మాడ్యూల్) తీగ లాగండి. పల్స్‌లు కనిపించాయంటే రెండు, మూడు అడుగులు సరిగ్గా కుదిరినట్టే. కనిపించకపోతే ముందుకు వెళ్లకండి, తప్పు అక్కడే ఉంది.

ఈ మాడ్యూల్‌లో క్లాక్ జాక్‌లు రెండు. ఒకటి 24 టిక్కులనూ ఉన్నవి ఉన్నట్టు ఇస్తుంది. దాన్ని నేరుగా సీక్వెన్సర్‌కు పెడితే అది పిచ్చి వేగంతో పరుగెడుతుంది. కొత్తవాళ్లలో చాలామంది ఇక్కడే తడబడతారు. రెండోది క్లాక్/ఎన్, అంటే టిక్కులను భాగించి ఇచ్చేది. మొదట అది క్వార్టర్ నోట్‌కు ఒక పల్స్ ఇస్తుంది. మాడ్యూల్ మీద కుడి క్లిక్ చేసి దాన్ని సిక్స్‌టీన్త్‌కు మార్చుకుంటే మామూలు స్టెప్ సీక్వెన్సర్‌కు సరిపోతుంది.

ఒకే సీక్వెన్సర్ ఉన్న చిన్న ప్యాచ్‌కు అంతే చాలు. రెండు మూడు వేర్వేరు భాగాల్లో క్లాక్ కావాలంటే మధ్యలో ఇంప్రాంప్టు వాళ్ల క్లాక్డ్ అనే మాడ్యూల్ పెట్టండి. మిడి-సీవీ నుంచి 24 టిక్కుల జాక్‌ను క్లాక్డ్ బీపీఎం ఇన్‌పుట్‌కు తగిలించి, దాని మోడ్‌ను పీ24కు మార్చండి. అది టెంపోను అంచనా వేసి తన దారిన తను పోయే రకం కాదు. వచ్చే ప్రతి పల్స్‌కూ తనను తాను సర్దుకుంటుంది. అందుకే గంటసేపు నడిచినా జారిపోదు.

క్లాక్డ్ తెర మీద బీపీఎం అంకె 119, 121 మధ్య ఊగుతుంటే గాభరా పడకండి. టిక్కుకూ టిక్కుకూ మధ్య ఉన్నది 20.83 మిల్లీసెకన్లే. ఒక టిక్కు 2 మిల్లీసెకన్లు అటూ ఇటూ వచ్చిందంటే, ఆ ఒక్క ఎడాన్ని బట్టి లెక్కగట్టిన వేగం 109 నుంచి 133 దాకా ఎక్కడైనా తేలుతుంది. అదే 2 మిల్లీసెకన్లు క్వార్టర్ నోట్ మొత్తం మీద చూస్తే అర శాతం కూడా కాదు. కాబట్టి అంకెను చూడకండి, చెవితో వినండి. ఇంకా అనుమానముంటే ఆరో అడుగులో చెప్పినట్టు కొలవండి.

ఐదో అడుగు: ఎత్తుగడ

వేగం కలిసింది. ఇప్పుడు ర్యాక్ మొదటి స్టెప్, పాట మొదటి బీట్ ఒకేసారి పడాలి. ఈ అడుగు దగ్గర ఓపిక పట్టండి. ఎక్కువమంది విసిగి వదిలేసేది ఇక్కడే, కానీ కారణం తెలిస్తే పరిష్కారం చిన్నదే.

ముందు పరీక్ష చేద్దాం. సీక్-3 సీక్వెన్సర్‌లో 8 స్టెప్పులుంటాయి. మొదటి స్టెప్ గేట్ (శబ్దాన్ని మోగించే సంకేతం) మాత్రం ఆన్ చేసి మిగతా ఏడూ ఆపేయండి. దాని గేట్‌కు చిటికెలాంటి పొట్టి శబ్దం తగిలించండి. మిడి-సీవీ స్టార్ట్ జాక్‌ను సీక్వెన్సర్ రీసెట్‌కు, సిక్స్‌టీన్త్ క్లాక్‌ను క్లాక్ ఇన్‌పుట్‌కు పెట్టండి. డా మెట్రోనోమ్ ఆన్ చేసి, పాట మొదటి నుంచి ప్లే నొక్కండి.

చిటిక మెట్రోనోమ్ ఒకటో బీట్‌తో, మళ్లీ మూడో బీట్‌తో పడితే అంతా బాగుంది. ప్రతిసారీ బీట్‌కు ఒక సిక్స్‌టీన్త్ ముందు పడుతోందా? అయితే మీ సీక్వెన్సర్ ఒకటో బీట్ దగ్గర రెండో స్టెప్ వాయిస్తోంది.

ఎందుకలా జరుగుతుందో చూడండి. స్టార్ట్ సందేశం రాగానే రీసెట్ అయి, సీక్వెన్సర్ మొదటి స్టెప్ మీద నిలబడుతుంది. ఆ తర్వాత కొద్ది క్షణాలకు మొదటి టిక్కు వస్తుంది. సీక్వెన్సర్‌కు క్లాక్ అంటే "తర్వాతి స్టెప్‌కు వెళ్లు" అని అర్థం. అది ఒకటి దాటి రెండుకు వెళ్లిపోతుంది. దీనికోసం వీసీవీ వాళ్లు మాడ్యూల్ తయారీదారులకు ఒక నియమం పెట్టారు: రీసెట్ వచ్చాక 1 మిల్లీసెకను లోపల వచ్చిన క్లాక్‌ను పట్టించుకోవద్దు అని. రీసెట్, క్లాక్ దాదాపు ఒకేసారి వస్తే ఆ నియమం కాపాడుతుంది. ఎడం 1 మిల్లీసెకను దాటితే కాపాడలేదు. స్టార్ట్‌కూ మొదటి టిక్కుకూ మధ్య అంతకంటే ఎక్కువ ఎడం సులభంగా వస్తుంది.

పరిష్కారాలు మూడు. నేను ముందు సూచించేది క్లాక్డ్‌ను మధ్యలో పెట్టడమే. స్టార్ట్ జాక్‌ను క్లాక్డ్ రీసెట్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. సీక్వెన్సర్‌కు క్లాక్‌నూ రీసెట్‌నూ రెండింటినీ క్లాక్డ్ అవుట్‌పుట్ల నుంచే తీసుకోండి. అప్పుడవి ఒకే చోటు నుంచి, ఒకే క్షణంలో బయల్దేరతాయి. క్లాక్డ్ మీద కుడి క్లిక్ చేస్తే, మొదలైనప్పుడు, ఆగినప్పుడు రీసెట్ పంపాలా అని అడిగే అమరికలు కనిపిస్తాయి. మొదలైనప్పుడు పంపమనండి. రెండో పరిష్కారం సీక్వెన్సర్‌లోనే ఉండవచ్చు. కొన్నింటిలో రీసెట్‌ను తర్వాతి క్లాక్ వచ్చేదాకా పట్టి ఉంచే వీలు కుడి క్లిక్ మెనూలో ఉంటుంది.

మూడోది అన్ని డాలలోనూ, ప్లగిన్‌లోనూ విడిగానూ పనిచేస్తుంది: రీసెట్‌ను మిడి నోట్‌గా పంపడం. డాలో ఒక మిడి ట్రాక్ పెట్టి దానికి "రీసెట్" అని పేరు పెట్టండి. పాటలో ర్యాక్ మళ్లీ మొదటి నుంచి రావలసిన ప్రతి చోటా ఒక పొట్టి నోట్ గీయండి. ర్యాక్‌లో మిడి-గేట్ మాడ్యూల్‌కు ఆ నోట్ నేర్పించి, దాని అవుట్‌పుట్‌ను రీసెట్‌కు కలపండి. దీనివల్ల మరో లాభం ఉంది. పాట మధ్యలోంచి ప్లే చేస్తే చాలా డాలు స్టార్ట్‌కు బదులు కంటిన్యూ పంపుతాయి, స్టార్ట్ జాక్ మౌనంగా ఉండిపోతుంది. 4 బార్లను లూప్ చేసి వింటున్నప్పుడు డా వెనక్కి దూకిన సంగతి కూడా టిక్కులకు తెలియదు. మీ ప్యాటర్న్ 7 స్టెప్పులదైతే ప్రతి లూప్‌లోనూ వేరే చోట మొదలవుతుంది. రీసెట్ నోట్ ఉంటే ఈ రెండు ఇబ్బందులూ పోతాయి.

ఆ నోట్‌ను బీట్ మీదే సరిగ్గా పెట్టండి. "కాస్త ముందు పెడితే భద్రం కదా" అనిపిస్తుంది కానీ, పైన చెప్పిన 1 మిల్లీసెకను లెక్క ఇక్కడా వర్తిస్తుంది. రీసెట్, క్లాక్ ఒకే శాంపిల్‌లో వచ్చి ఒకదానితో ఒకటి గొడవపడుతుంటే క్లాక్ తీగను ఒక మల్టిపుల్ (వచ్చిన సంకేతాన్ని అలాగే బయటికి పంపే మాడ్యూల్) గుండా తిప్పి పంపండి. ర్యాక్‌లో ప్రతి తీగా ఒక శాంపిల్ ఆలస్యం చేస్తుంది. ఆ ఒక్క శాంపిల్ వెనకబాటుతో రీసెట్ ముందు చేరుతుంది. చెవికి ఏ తేడా తెలియదు.

ఆరో అడుగు: ఆలస్యాన్ని కొలవండి

ఇప్పటిదాకా చేసినవి సరిగ్గా ఉన్నా, విడి అప్లికేషన్ వాడేవాళ్లకు ర్యాక్ శబ్దం కాస్త వెనకగా వినిపిస్తుంది. అది తప్పు కాదు, దారి పొడవు. టిక్కు డా నుంచి పోర్టుకు, పోర్టు నుంచి ర్యాక్‌కు వెళ్లాలి. ర్యాక్ తన ఆడియో ముక్కను లెక్కగట్టాలి. ఆ ఆడియో మళ్లీ డాకు చేరాలి. బ్లాక్ సైజు (ఒక్కసారి లెక్కగట్టే ముక్కలోని శాంపిళ్లు) 256, శాంపిల్ రేటు (సెకనుకు శాంపిళ్లు) 48,000 అయితే ఒక్కో మజిలీకి 5.33 మిల్లీసెకన్లు పడుతుంది. 512 అయితే 10.67. గాలిలో శబ్దం 10 మిల్లీసెకన్లలో సుమారు 3.4 మీటర్లు వెళ్తుంది. అంటే మీ డ్రమ్మర్ గదిలో అంత దూరం జరిగి కూర్చున్నట్టు. పొడవాటి ప్యాడ్ శబ్దానికి పట్టింపు లేదు. కిక్ మీద కిక్ పడేటప్పుడు మాత్రం దెబ్బ పలచబడుతుంది.

కొలిచే ముందు రెండు ప్రోగ్రాముల్లోనూ శాంపిల్ రేటు ఒకటే ఉందో లేదో చూసి, బ్లాక్ సైజులు ఖరారు చేయండి. తర్వాత మారిస్తే కొలత పనికిరాదు.

క్వార్టర్ నోట్ క్లాక్‌ను శబ్దంగానే నేరుగా ర్యాక్ ఆడియో మాడ్యూల్‌కు పంపండి. ట్రిగర్ (ఇలాంటి పొట్టి పల్స్) ఎత్తు 10 వోల్టులు, అది డాలో పూర్తి స్థాయి శబ్దం. కాబట్టి మధ్యలో మిక్సర్ పెట్టి సగానికి తగ్గించండి, హెడ్‌ఫోన్స్ తీసేయండి. ఆ శబ్దం డాకు చేరడానికి మాక్‌లో బ్లాక్‌హోల్, విండోస్‌లో వీబీ-కేబుల్, లినక్స్‌లో జాక్ (JACK) అనే సాఫ్ట్‌వేర్ లాంటి ఊహా ఆడియో తీగ కావాలి. డాలో దాన్ని ఒక ట్రాక్‌లో 32 బార్లు రికార్డు చేయండి. పక్క ట్రాక్‌లో గ్రిడ్ మీద సరిగ్గా ప్రతి బీట్‌కూ ఒక క్లిక్ శాంపిల్ పెట్టండి.

ఇప్పుడు బాగా పెద్దది చేసి చూడండి. క్లిక్ నిట్టనిలువుగా లేచిన చోటు నుంచి పల్స్ లేచిన చోటు దాకా ఎన్ని శాంపిళ్లో మొదటి బార్‌లో రాసుకోండి. 520 శాంపిళ్లు వచ్చాయనుకుందాం, 48,000తో భాగిస్తే 10.83 మిల్లీసెకన్లు. తర్వాత 32వ బార్‌కు వెళ్లి మళ్లీ చూడండి. 120 బీపీఎంలో అది దాదాపు నిమిషం తర్వాతి చోటు. మధ్యలో మరో నాలుగైదు బీట్లు కూడా చూడండి.

అన్ని చోట్లా దాదాపు 520 ఉంటే శుభవార్త. అది స్థిరమైన ఆలస్యం, ఒక్కసారి సరిచేస్తే చాలు. ఏబుల్‌టన్ లైవ్‌లో ఆ మిడి పోర్టు వివరాలు తెరిస్తే మిడి క్లాక్ సింక్ డిలే ఉంటుంది. అక్కడ మైనస్ 10.83 పెడితే టిక్కులు అంత ముందే బయల్దేరతాయి. లాజిక్‌లోనూ క్లాక్ పంపే చోటే ఆలస్యం సర్దే గడి ఉంది. మీ డాలో అలాంటిది లేకపోతే, రికార్డయిన ట్రాక్‌ను 520 శాంపిళ్లు ఎడమకు, అంటే పాట మొదటి వైపుకు, జరపండి. వాయిస్తూ వినే పనికి మొదటి పద్ధతి, రికార్డింగ్‌కు మాత్రమే అయితే రెండోది సులువు. సరిచేశాక మళ్లీ ఒకసారి కొలిచి చూసుకోండి, ప్లస్ మైనస్‌లు తారుమారు కావడం మామూలే.

బార్లు గడిచేకొద్దీ ఎడం పెరుగుతూ పోతే అది జారుడు. ర్యాక్‌లో ఏదో మాడ్యూల్ టిక్కులను వినకుండా సొంత వేగంతో నడుస్తోంది. తీగ ఊడిన క్లాక్, పీ24కు మార్చని క్లాక్డ్, సొంత టెంపో నాబ్ ఉన్న డ్రమ్ మాడ్యూల్, వీటిని వెతకండి. అన్నీ సరిగ్గానే ఉంటే రెండు ప్రోగ్రాములూ రెండు వేర్వేరు సౌండ్ కార్డుల మీద నడుస్తున్నాయేమో చూడండి. ఏ రెండు కార్డుల్లోని సమయం కొలిచే స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో కంపించవు. రెండింటినీ ఒకే కార్డుకు మార్చండి.

ఎడం ఒక చోట 400, మరో చోట 650, ఇంకో చోట 480 అని గెంతుతుంటే అది వణుకు. టిక్కులు సమంగా రావట్లేదు. డిలే సర్దుబాటుతో ఇది పోదు. బ్లాక్ సైజు తగ్గించి చూడండి, సీపీయూను తినే మాడ్యూళ్లను ఆపి చూడండి. అప్పటికీ తగ్గకపోతే మిడిని వదిలేసి కింది దారి పట్టండి.

క్లాక్‌ను ఆడియోగా పంపడం

విడి అప్లికేషన్ వాడేవాళ్లకు నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. డాలో ఒక స్టీరియో ఆడియో ట్రాక్ తీసుకోండి. ఎడమ ఛానల్‌లో ప్రతి సిక్స్‌టీన్త్‌కూ ఒక పల్స్, కుడి ఛానల్‌లో రీసెట్ కావలసిన చోట్ల ఒక పల్స్. ఆ ట్రాక్‌ను మాస్టర్‌కు వెళ్లనీయకుండా ఊహా ఆడియో తీగ గుండా ర్యాక్‌కు పంపండి. ర్యాక్ ఆడియో మాడ్యూల్‌లో అవి రెండు జాక్‌లుగా బయటికొస్తాయి. ఒకటి క్లాక్, ఒకటి రీసెట్. ఆడియో శాంపిళ్ల వరస చెదరదు కాబట్టి వణుకు ఉండదు. రెండూ కలిసే ప్రయాణిస్తాయి కాబట్టి ఎత్తుగడ గొడవా రాదు. మిగిలేది స్థిరమైన ఆలస్యం ఒక్కటే, దాన్ని పైన చెప్పినట్టే కొలిచి సర్దేయవచ్చు.

పల్స్ ఆకారం ముఖ్యం. కిక్ శాంపిల్‌నో హైహ్యాట్‌నో పెట్టకండి. వాటి తరంగం సున్నా దాటి పైకీ కిందకీ ఊగుతుంది, ఒక్క దెబ్బకే సీక్వెన్సర్ నాలుగైదు స్టెప్పులు దూకవచ్చు. ఒక్కసారి లేచి, కాసేపు నిలబడి, ఒక్కసారి పడే చదరపు పల్స్ కావాలి. కనీసం 1 మిల్లీసెకను వెడల్పు, అంటే 48,000 రేటులో 48 శాంపిళ్లు. 5 మిల్లీసెకన్లు పెడితే ఇంకా నిశ్చింత. ట్రిగర్ ఇన్‌పుట్‌లు సాధారణంగా 1 నుంచి 2 వోల్టుల దగ్గర మేల్కొంటాయి. డా పూర్తి స్థాయి ర్యాక్‌లో 10 వోల్టులు కాబట్టి మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర పెడితే 7 వోల్టులు అందుతాయి, కావలసినదాని కంటే ఎక్కువే. ఆ ట్రాక్ మీద ఏ ఎఫెక్టూ పెట్టకండి. ముఖ్యంగా టెంపోకు తగ్గట్టు ఆడియోను సాగదీసే వార్ప్ లాంటివి ఆపేయండి, అవి పల్స్ అంచును నలిపేస్తాయి.

పాట మధ్యలో టెంపో మారేచోట పల్స్‌లను కొత్త గ్రిడ్ మీద మళ్లీ పరచాలి, ఈ పద్ధతిలో ఉన్న శ్రమ అదే. మిడి క్లాక్‌కు ఆ శ్రమ లేదు, టిక్కులు వాటంతటవే దగ్గరవుతాయి, దూరమవుతాయి. ఏ దారైనా, టెంపో మారే క్షణంలో క్లాక్‌కు కట్టిన డిలే (ప్రతిధ్వని) మాడ్యూళ్లు శ్రుతి జారినట్టు మూలుగుతాయి. అది వద్దనుకుంటే ఆ చోట డిలే వెట్, అంటే ప్రతిధ్వని పాలు, తగ్గించండి.

ర్యాక్ ముందు నడవాలంటే?

సీవీ-మిడి మాడ్యూల్‌తో ర్యాక్ నుంచి డాకు కూడా క్లాక్ పంపవచ్చు. దాని క్లాక్ ఇన్‌పుట్ కూడా 24 టిక్కులే అడుగుతుంది, క్లాక్డ్‌లో ఒక అవుట్‌పుట్‌ను 24 రెట్లకు పెట్టి తగిలించాలి. కానీ బయటి టిక్కుల వెంట డా నడవడం మొదలెడితే, దాని గ్రిడ్ ఆ వణుకునంతా మోస్తుంది. అప్పటికే రికార్డయిన ఆడియో ట్రాక్‌లు ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అందుకే దీన్ని నేను సిఫారసు చేయను.

ర్యాక్ క్లాక్ కావాలనే తడబడుతూ, సాగుతూ, కుంచించుకుంటూ నడిచే ప్యాచ్ మీదైతే దాన్ని స్వేచ్ఛగానే నడవనివ్వండి. సంగీతాన్ని ఒక ట్రాక్‌లో రికార్డు చేస్తూ, అదే సమయంలో దాని క్వార్టర్ నోట్ పల్స్‌ను పక్క ట్రాక్‌లో రికార్డు చేయండి. తర్వాత డాలో టెంపో మ్యాప్ తెరిచి, ఒక్కో బీట్ గీతను ఒక్కో పల్స్ అంచు మీదకు లాగి అతికించండి. గ్రిడ్ ప్యాచ్ నడకకు తగ్గట్టు వంగుతుంది. ఆ పైన మీరు చేర్చే మిడి బేస్, తీగవాద్యాలు అన్నీ ర్యాక్ అడుగుల్లోనే పడతాయి.